భాస్కరాచార్యుడు: బీదరు వాదము

మన ప్రాచీనులకు తెలియని శాస్త్రము లేదని ఘోషించువారును, మన ప్రాచీనులకు పంచాంగము తప్ప మఱేమియు తెలియదని పెదవి విఱుచువారును ఈ రాజధానిలో ఇంచుమించు సమానసంఖ్యాకులై యున్నారు. ఉభయపక్షములవారును తఱచుగా ఎత్తు పేరు భాస్కరాచార్యునిది. ఆయన గ్రంథమును తెఱచి చూచినవారు మాత్రము ఏ పక్షమునందును అంతగా కానరారు. కావున ఆ మహనీయుని చరిత్రమును తెలిసినంత వఱకు పాఠకుల ముందుంచ దలచితిమి.

మొదట ఆయన మనవాడా యను ప్రశ్న. 1587లో అక్బరు ఆస్థానకవియగు ఫైజీ లీలావతీగణితమును పారసీకమున ననువదించుచు, గ్రంథకర్త స్వస్థలము దక్కనులోని బీదరని వ్రాసెను. ఆ బీదరు 1956 వఱకు హైదరాబాదు రాజ్యమున నుండి, పిదప కన్నడదేశమున చేరినది. తెలుగు, కన్నడము, మరాఠీ కలిసిమెలిసి వినబడు సీమ యది. కుశనూరు మొదలగు అచ్చటి పల్లెలవారికి ఫైజీ మాట ఎంత ఇంపుగా నుండునో చెప్పనక్కఱ లేదు. మాకును ఇంపే. కాని వకాల్తా పుచ్చుకొన్నవాడు తన కింపైన సాక్ష్యమునే ముందుగా శంకింపవలయును. ఫైజీ భాస్కరునకు నాలుగువందల యేండ్ల తరువాతివాడు. భాస్కరుడో, తన నివాసము సహ్యపర్వత సమీపమందలి విజ్జడవిడమని గోళాధ్యాయము చివర తానే చెప్పుకొనెను. సహ్యాద్రి యెక్కడ, బీదరెక్కడ! పేర్లలోని కొద్దిపాటి పోలిక దప్ప ఈ వాదమునకు వేఱు ఆధారము కనబడదు. కక్షిదారు స్వయముగా నిచ్చిన వాఙ్మూల ముండగా విన్నమాటను ఏ న్యాయస్థానమును గైకొనదు.

బీదరువారు ఇందుకు చిన్నబుచ్చుకొన నక్కఱ లేదు. గణితమున వారికి సాటిలేని పొరుగువాడు వేఱొక డున్నాడు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున గణితసారసంగ్రహము రచించిన జైనపండితుడు మహావీరాచార్యుడు. ఆ రాజునకు రాజధానియైన మాన్యఖేటము నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడు. ఆ గ్రంథమునే మన పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

భాస్కరుడు శకవర్షము 1036, అనగా 1114లో జన్మించెను. తండ్రి మహేశ్వరుడే గురువు. ముప్పదియాఱవ యేట, 1150లో, సిద్ధాంతశిరోమణిని ముగించెను. లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోళాధ్యాయము అను నాలుగు భాగము లందున్నవి. దానికి తానే వ్యాఖ్యానమును వ్రాసికొనెను. అఱువదితొమ్మిదవ యేటికి చెందిన కరణకుతూహలము గ్రహగణనకు ఉపయోగించు చిన్న పుస్తకము. ఆ వయస్సుననైనను ఆయన లెక్క మానలేదు.

లీలావతి కథ యెఱుగనివారు లేరు. కుమార్తెకు వైధవ్యయోగ మున్నదని తెలిసి తండ్రి సుముహూర్తమును నిర్ణయించుట, అడుగున రంధ్రముగల గిన్నె నీటిలో తేలుచుండగా ఆమె వంగి చూచుట, నగలోని ముత్య మొకటి రాలి రంధ్రమును మూయుట, ముహూర్తము దాటిపోవుట, ఆమె దుఃఖము తీర్చుటకై గ్రంథమునకు ఆమె పేరు పెట్టుట. కన్నీరు తెప్పించు కథయే. అందలి ఘటికాయంత్రము నిజమైనది. ఇరువదినాలుగు నిమిషముల కొకమాఱు మునుగును, అహోరాత్రమున కఱువదిమార్లు. కథ మాత్రము ఫైజీ పీఠిక నుండియే వ్యాప్తి నొందినది. గ్రంథమున గణితకర్త ఒకచోట బాలా యనును, ఒకచోట కాంతా యనును, మఱియొకచోట మిత్రమా యని పురుషునే సంబోధించును. ఇందు కుమార్తె యెవరో తేల్చుట మా శక్తికి మించినది.

ఆయన గొప్పతనము గోళాధ్యాయమున తేటపడును. భూమిని శేషుడో దిగ్గజములో మోయుచున్న యెడల వారిని మోయునదేది, దానిని మోయునదేది యని ప్రశ్నించి, ఎచ్చటనో యొకచోట స్వశక్తిచే నిలుచుదాని నంగీకరింపక తప్పనప్పుడు ఆ శక్తిని భూమికే యేల యీయరాదని వాదించెను. బరువైన వస్తువులను భూమి తనవైపు ఆకర్షించుకొనును, అదియే మనకు పడుటగా తోచును అనెను. దీనిని బట్టి న్యూటనునకు పూర్వమే గురుత్వాకర్షణ సూత్రము మనవద్ద నుండెనని సభలలో చప్పట్లు కొట్టించుకొనువా రున్నారు. 1687లో న్యూటను ప్రకటించినది దూరము పెరిగినకొలది ఆ శక్తి యెంతగా తగ్గునో తెలుపు నియమము. ఆపిలుపండునకును చంద్రునకును ఒక్కటే లెక్క. భాస్కరుని భూమి కదలదు, గ్రహములు దానిచుట్టు తిరుగును. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పినను ఆయన కొఱత యేమియు లేదు.

ఆయన నేర్పును చూపునది మాకు ఆకర్షణకంటె లల్లుని ప్రకరణమే. లల్లాచార్యుని గ్రంథమునకు భాస్కరుడే వ్యాఖ్య వ్రాసెను. అయినను గోళము ఉపరితలమును కనుగొనుటకు లల్లుడు వృత్తఫలమును పరిధిచే గుణించుట తప్పని నిర్మొగమాటముగా ఖండించెను. ఉసిరికాయమీది చారలవలె గోళమును తొనలుగా విభజించి, పరిధిని వ్యాసముచే గుణించినదే సరియైన ఫలమని నిరూపించెను. పెద్దవాని మాటయని తలయొగ్గిన వాడు కాడు. అయితే గ్రహణవిషయమున కొంత లౌక్యము చూపెను. భూచ్ఛాయయే చంద్రగ్రహణమునకు కారణమని గణితము, రాహువే కారణమని స్మృతిపురాణములు. రాహువు బ్రహ్మవరముచే ఆ ఛాయలో ప్రవేశించి చంద్రుని కప్పునని చెప్పి ఆయన రాజీ డిక్రీ నిచ్చెను. లెక్క యెవరికి దక్కినదో గమనింపుడు!

బీజగణితమున ఒక లెక్క గలదు. ఒక వర్గమును 61చే గుణించి ఒకటి కలిపిన మఱియొక వర్గము కావలెను. చూచుటకు సులభము. కాని మిక్కిలి చిన్న జవాబే 22,61,53,980, 176,63,19,049 అను సంఖ్యలు. చక్రవాళపద్ధతిచే ఆయన దానిని సాధించెను. 1657లో ఫ్రెంచివాడగు ఫెర్మా ఇదే 61ని తోడి పండితులకు సవాలుగా పంపెను. ఆ పద్ధతి భాస్కరుడే కనిపెట్టెనని చిరకాలము తలచిరి. 1073 నాటి ఉదయదివాకరుని వ్యాఖ్యలో జయదేవు డనువాని శ్లోకములు దొరకి, ఆ కీర్తిలో భాగము ఆయనకు పోయినది. ఆ సంగతిని 1954లో బయటపెట్టినవాడును మన దేశపు పండితుడే.

తుదకు శాసనము. సహ్యాద్రి పాదమున, నేటి మహారాష్ట్రమందలి చాళీస్‌గాము సమీపమున, పాటణ గ్రామపు దేవాలయములో ఒక శిలాశాసనము దొరకెను. బొంబాయి వైద్యుడైన భావూ దాజీ దానిని 1865లో లోకమునకు తెలిపెను. భాస్కరుని కుమారుడు లక్ష్మీధరుని యాదవరాజు జైత్రపాలుడు తన ఆస్థానమునకు పిలిపించుకొనెననియు, మనుమడు చాంగదేవుడు సింఘణుని జ్యోతిష్కుడయ్యెననియు అందున్నది. తాతగారి గ్రంథములను బోధించుటకై చాంగదేవుడు ఆ యూర మఠమును నెలకొల్పెను. నికుంభవంశపు సోయిదేవుడు దానికి భూమిని, కొన్ని సుంకములను ధారపోసెను. దానము చేసినది 1207 ఆగస్టు 9, శ్రావణ పూర్ణిమ, చంద్రగ్రహణ సమయమున. ఆ రాత్రి ఛాయ చంద్రుని తాకు వేళను ముందుగా గణించి చెప్పగలవారికి ఆ యింట కొదువ యుండదు.