ఆడవారి చేతిపనికి విలువ తెచ్చిన దుర్గాబాయి

రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగి, ఢిల్లీ దాకా వెళ్ళిన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు చెప్పగానే చాలామందికి స్వాతంత్ర్య పోరాటం, రాజ్యాంగ సభ గుర్తుకు వస్తాయి. పల్లెటూరి ఆడవారు కుట్టుమిషను ముందు కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకునే ఏర్పాటుకు ఆమె వేసిన పునాది గురించి తెలిసినవారు తక్కువ. అసలు చెప్పుకోవలసింది అదే.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి బెన్నూరి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆ రోజుల ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే మేనరికం పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ కాపురానికి వెళ్ళలేదు. భర్త వేరే వివాహం చేసుకున్నారు. ఈ సంగతి ఇంతటితో ముగిసిపోలేదు. మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆమెకు పన్నెండేళ్ళు నిండలేదు. దేవదాసీలను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను గాంధీజీ చేత మాట్లాడించాలని పట్టుబట్టారు. ఐదు వేల రూపాయల నిధి సమకూరిస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామని పెద్దలు షరతు పెట్టారు. చిన్నపిల్ల కదా, ఎక్కడ తేగలదు అని అనుకుని ఉంటారు. దేవదాసీలే ఆ సొమ్ము పోగుచేసి ఇచ్చారు. సభలో గాంధీజీ అనుకున్నదానికంటే చాలాసేపు మాట్లాడారు. ఆడవారు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. మొత్తం 25 వేల రూపాయల దాకా వసూలైందని చెబుతారు. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి అనువదించింది కూడా ఈ బాలికే. ఇంట్లోని విదేశీ బట్టలు తగులబెట్టి ఖద్దరు కట్టడం అప్పటినుంచే.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగింది. దానితోపాటు ఖాదీ ప్రదర్శన పెట్టారు. చేతితో వడికిన నూలు, నేసిన గుడ్డ చూడడానికి జనం వచ్చేవారు. ప్రవేశానికి రెండణాల టిక్కెట్టు. గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడింది పద్నాలుగేళ్ళ దుర్గాబాయి. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడ్డా ఆమె బెసకలేదు. చివరకు టిక్కెట్టు కొన్న తరువాతనే ఆయన లోపలికి వెళ్ళారు. నెహ్రూ దీనికి కోపగించుకోక మెచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళ తరువాత ఆమె రెండో వివాహానికి సాక్షి సంతకం చేసినవారిలో ఆయన ఒకరు.

1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1933 లోపు మూడుసార్లు శిక్ష పడింది. మదురై జైలులో ఏడాదిపాటు ఒంటరి గదిలో పెట్టారు. అక్కడ హత్యానేరాలపై శిక్ష పడిన స్త్రీలను ఆమె చూశారు. చదువు లేక, కోర్టులో తమ మాట చెప్పుకోవడం తెలియక శిక్షపడినవారు వారిలో ఉన్నారు. ఆడదానికి అక్షరం, చట్టం రెండూ తెలియాలని ఆమె అక్కడే నిశ్చయించుకున్నారు. బయటకు వచ్చాక కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., మద్రాసులో లా పూర్తిచేశారు.

మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల పిల్లలతో మొదలైన చిన్న సంఘం 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదిద్దుకుంది. చదువు మధ్యలో ఆగిపోయినవారు, వితంతువులు, భర్త వదిలేసినవారు అక్కడికి వచ్చేవారు. ముందుగా వారిని మెట్రిక్ పరీక్షకు తయారుచేశారు. అయితే అందరూ పరీక్ష గట్టెక్కలేరు. గట్టెక్కినా అందరికీ ఉద్యోగం దొరకదు. అందుకని కుట్టు, అల్లిక వంటి చేతిపనులు కూడా నేర్పే ఏర్పాటు చేశారు. పుస్తకంతోపాటు సూది కూడా చేతిలో పెట్టడం ఈ సభ ప్రత్యేకత.

ఇక్కడే మొదటి భర్త సంగతి మళ్ళీ వస్తుంది. ఆయన 1941లో మరణించారు. రెండో భార్య దిక్కులేని స్థితిలో పడ్డారు. వరసకు సవతి. ఎవరైనా ముఖం తిప్పుకుంటారు. దుర్గాబాయి ఆమెను చేరదీసి, చేతిపనుల్లో శిక్షణ ఇప్పించారు. తరువాత ఆమె హైదరాబాదులో చేతిపనుల శిక్షణ సంస్థలో ఉపాధ్యాయినిగా కుదురుకుని తన కాళ్ళమీద తాను నిలబడ్డారు. దుర్గాబాయి చేసిన పెద్ద పనులన్నిటికంటే ఇది ఒక్కటే ఆమె ఎలాటి మనిషో చెబుతుంది.

1946లో ఆమె మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అధ్యక్ష స్థానంలో కూర్చునే ప్యానెల్‌లో ఆమె ఒక్కరే స్త్రీ. తరువాత ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యారు. 1953 జనవరిలో ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. మొదటి అధ్యక్షురాలు ఆమె.

ఈ బోర్డు చేసిన పని పల్లెలకు నేరుగా తగిలింది. 1954 నుంచి గ్రామాల్లో సంక్షేమ విస్తరణ కేంద్రాలు తెరిచారు. పాతిక గ్రామాలను ఒక గుత్తగా తీసుకుని గ్రామసేవికను, మంత్రసానిని, చేతిపనుల టీచరును నియమించేవారు. పొద్దున పిల్లలకు బాలవాడి, మధ్యాహ్నం ఇంటిపని తెమిలాక తల్లులకు కుట్టు తరగతి. కొలతలు తీసుకోవడం, పాత కాగితం మీద కత్తిరించి చూసుకోవడం, ఆ తరువాతనే గుడ్డ మీద కత్తెర పెట్టడం, చిన్న గౌను, జాకెట్టు, కాజాలు, బొత్తాలు ఇలా ఒక్కొక్కటే నేర్చుకోవాలి. దర్జీకి ఇచ్చే కూలి ఇంట్లోనే మిగలడం మొదటి లాభం. పొరుగువారి జాకెట్టు కుట్టి సంపాదించుకోవడం రెండో లాభం.

1958లో బోర్డు మరి రెండు పథకాలు తెచ్చింది. వయసు మీరిన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు చెప్పి పరీక్షకు పంపడం ఒకటి. స్త్రీలకు పని చూపి ఆదాయం కల్పించే యూనిట్లకు సాయం చేయడం రెండోది. మొదటిదానికి మంచి పేరు వచ్చింది. రెండోదానిలో చిక్కు ఉంది. కుట్టు నేర్పడం తేలిక, కుట్టినదానికి కొనేవాడిని చూపడం కష్టం. సర్టిఫికెట్టు పెట్టెలో, మిషను మూలన పడి ఉన్న ఇళ్ళు లేకపోలేదు. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవారికి ఇది కొత్త సంగతి కాదు. వారి లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయినా లాభం మధ్యవర్తులకే ఎక్కువ చేరింది. పని నేర్పితే సరిపోదు, అమ్ముకునే దారి కూడా స్త్రీల సంఘాల చేతిలో ఉండాలన్నది ఇప్పటికీ తెమలని విషయం.

1958లోనే ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి ఆమె అధ్యక్షత వహించి మరుసటి ఏడాది నివేదిక ఇచ్చారు. హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ శాఖను ఆసుపత్రి, కళాశాలలతో పెంచారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న హైదరాబాదులో కన్నుమూశారు. ఢిల్లీ మెట్రో రైలు మార్గంలో ఒక స్టేషనుకు ఆమె పేరు పెట్టారు. ఆ స్టేషన్లో దిగేవారికి కూడా ప్రవేశానికి టిక్కెట్టు తప్పదు.