చనిపోయినవారి కళ్లతో చూపు.. ఒడెస్సా డాక్టర్ ఫిలాటోవ్ కథ ఇదీ!

కన్నడ పవర్ స్టార్ పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్‌లో హఠాత్తుగా కన్నుమూసినప్పుడు, ఆయన రెండు కళ్లతో నలుగురికి చూపు వచ్చిందన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన దగ్గర చిరంజీవి ఐ బ్యాంక్ 1998 నుంచే ఉంది. చనిపోయిన మనిషి కళ్లు ఇంకొకరికి పనికొస్తాయంటే ఇవాళ ఎవరూ ఆశ్చర్యపోరు.

వందేళ్ల కిందట మాత్రం కంటి డాక్టర్లలోనే చాలామందికి దీనిపై నమ్మకం లేదు. ఆ అనుమానాన్ని వందల ఆపరేషన్లతో పోగొట్టిన వ్యక్తి డాక్టర్ వ్లాదిమిర్ ఫిలాటోవ్. ఊరు ఒడెస్సా. నల్ల సముద్రం ఒడ్డున, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉంది.

ఇంతకీ మార్చేది ఏంటి?

మొత్తం కన్ను కాదు. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పారదర్శకమైన పొర, కార్నియా. మధ్యలో దీని మందం సుమారు అర మిల్లీమీటరే. దెబ్బ తగిలినా, ఇన్ఫెక్షన్‌తో పుండు పడినా, సున్నం లాంటిది పడి కాలినా ఆ చోట తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. పల్లెల్లో కంట్లో పువ్వు వేసిందనేది దీన్నే. కొందరికి మచ్చేమీ లేకుండానే కార్నియా పల్చబడి శంఖువులా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని కెరటోకోనస్ అంటారు.

శుక్లం వేరు, ఇది వేరు. శుక్లంలో లోపలి లెన్స్ మసకబారుతుంది. ఇక్కడ లెన్స్, నరం అన్నీ బాగానే ఉన్నా, ముందున్న అద్దమే పాడైపోయింది. మచ్చ ముదిరితే చుక్కల మందులు, కళ్లజోడు పనిచేయవు. ఆ ముక్క తీసి వేరే ముక్క పెట్టాల్సిందే.

వేరే ముక్క ఎక్కడిది? అసలు చిక్కు అక్కడే వచ్చింది.

1905 డిసెంబర్ 7న ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఒలోమోట్స్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ చేసిన ఆపరేషన్‌నే మనిషి నుంచి మనిషికి విజయవంతంగా జరిగిన తొలి కార్నియా మార్పిడిగా చెబుతారు. సున్నం పడి రెండు కళ్లూ పోయిన ఓ కూలీకి ఒక కన్ను దక్కింది. కానీ ఆ కార్నియా 11 ఏళ్ల పిల్లాడిది. ఇనుప ముక్క గుచ్చుకుని, ఇక కాపాడలేని స్థితిలో అతని కన్ను తీసేశారు. అంటే ఒకరికి చూపు రావాలంటే, బతికున్న ఇంకొకరి కన్ను తీసేయాల్సిన పరిస్థితి రావాలి. పైగా ఆ కన్నులో కార్నియా మాత్రం బాగుండాలి. ఇలాంటివి ఎన్ని దొరుకుతాయి? లైన్లో ఉన్నవాళ్లు మాత్రం వేలల్లో.

ఫిలాటోవ్ పుట్టింది 1875లో, రష్యాలోని మిఖైలోవ్కా అనే ఊళ్లో. తండ్రి కంటి డాక్టరే. తండ్రి సోదరుడు నీల్ ఫిలాటోవ్ మాస్కోలో పేరున్న పిల్లల డాక్టర్. ఈయన 1897లో మాస్కో యూనివర్సిటీలో చదువు పూర్తి చేసి, 1903లో ఒడెస్సా వచ్చారు. ఇక చివరి వరకూ ఆ ఊరే.

తొలిసారి కార్నియా మార్పిడి చేసింది 1912లో. ఫెయిల్ అయింది. పెట్టిన ముక్క మసకబారిపోయింది. చాలా ఏళ్లు దాని జోలికి పోలేదు.

ఈలోగా మరో పని చేశారు. 1916లో చర్మాన్ని పూర్తిగా కోసి తీయకుండా, రెండు చివర్లూ ఒంటికే ఉంచి, గొట్టంలా చుట్టి కుట్టే పద్ధతి కనిపెట్టారు. రక్తప్రసరణ ఆగదు కాబట్టి ఆ చర్మం చావదు. ముఖం ఛిద్రమైన సైనికులకు ఇది వరమైంది. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ గిలీస్ కూడా 1917లో విడిగా ఇదే పద్ధతికి వచ్చారు. ఈ ఒక్కటి చాలు ఫిలాటోవ్ పేరు నిలబడటానికి. ఆయన మాత్రం 1920ల్లో మళ్లీ కార్నియా దగ్గరికే వచ్చారు.

ఈసారి రెండు వైపుల నుంచీ పట్టారు. ఒకటి, ఆపరేషన్ పద్ధతి. కార్నియాను గుండ్రంగా కోసే ట్రెఫైన్ కాస్త లోతుకు దిగితే లోపలి లెన్స్ దెబ్బతింటుంది. అలా జరగకుండా పనిముట్లను మార్చుకుంటూ వచ్చారు. రెండోది, దాత. చనిపోయిన వ్యక్తి కన్నును 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే కార్నియా పాడవదని, మనిషి పోయిన తర్వాత కూడా ఈ కణజాలం కొంతకాలం బతికే ఉంటుందని ఆయన లెక్క. కార్నియాకు ఒక అనుకూలతా ఉంది. అందులో రక్తనాళాలు ఉండవు. అందుకే మిగతా అవయవాలతో పోలిస్తే పరాయి కార్నియాను ఒళ్లు తిరస్కరించడం తక్కువ.

1931 మే 6న చనిపోయిన వ్యక్తి కార్నియాతో చేసిన ఆపరేషన్ సక్సెస్ అయింది. మసకబారలేదు. చూపు వచ్చింది.

విచిత్రం ఏంటంటే, అదే 1931లో సోవియట్ పోలీసులు ఆయన్ను విప్లవ వ్యతిరేకి అన్న ఆరోపణతో అరెస్ట్ చేసి, తర్వాత వదిలేశారు. దేవుణ్ణి నమ్మడమే అనుమానంగా చూసే ఆ రోజుల్లో ఫిలాటోవ్ చర్చికి వెళ్లే మనిషి. దాచుకోలేదు కూడా. ఆ తర్వాత 1936లో అదే ప్రభుత్వం ఒడెస్సాలో ఆయన సారథ్యంలో కంటి జబ్బుల పరిశోధన సంస్థ పెట్టింది. 1941లో స్టాలిన్ ప్రైజ్ ఇచ్చింది. యుద్ధం రావడంతో ఊరు వదిలి తాష్కెంట్‌లో ఉండి పనిచేశారు. 1944లో ఒడెస్సాకు తిరిగొచ్చారు.

ఆయన చెప్పినవన్నీ నిలబడలేదు. చల్లగా ఉంచిన కణజాలంలో, కలబంద ఆకుల్లో ఏవో ఉత్తేజకాలు పుడతాయని, వాటితో రకరకాల జబ్బులు తగ్గించొచ్చని టిష్యూ థెరపీ పేరుతో గట్టిగా ప్రచారం చేశారు. సోవియట్ దేశంలో చాలాకాలం నడిచింది కానీ, బయటి వైద్యశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు. కార్నియా పని మాత్రం ప్రపంచమంతా పాకింది.

1956 అక్టోబర్ 30న, 81 ఏళ్ల వయసులో ఒడెస్సాలోనే కన్నుమూశారు. ఆ సంస్థ ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

పద్ధతులు ఇప్పుడు చాలా మారాయి. మచ్చ ముందు పొరల్లో ఉంటే అవే, లోపలి పొర దెబ్బతింటే అదొక్కటే మారుస్తున్నారు. పునీత్ రెండు కార్నియాలు నలుగురికి సరిపోయింది ఇలా పొరలు విడదీయడం వల్లే. ఇక చనిపోయిన 6 గంటల్లోపు కార్నియా సేకరించాలి. అప్పటిదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, తల కింద దిండు ఉంచాలి, ఫ్యాన్ ఆపేయాలి. ఐ బ్యాంకుకు చేరాక వాడే ద్రావణాన్ని బట్టి 4 నుంచి 14 రోజుల వరకు నిల్వ ఉంచుతారు. ఫ్రిజ్‌లోనే, 2 నుంచి 8 డిగ్రీల మధ్య.