డాక్టరు సూరి భగవంతము

తెలుగు దేశమునకు వజ్రములు క్రొత్తవి కావు. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకిన వజ్రములు గోలకొండ పేరున లోకమంతటను ప్రసిద్ధి కెక్కినవి. రాజులు వానిని ధరించిరి. వర్తకులు వెల కట్టిరి. ఆ కృష్ణానది పేరు గల జిల్లాలో పుట్టిన యొక విద్వాంసుడు మాత్రము వజ్రము వెల నడుగలేదు. దానిలోని పరమాణువు లెట్లు కంపించుచున్నవని యడిగెను. ఆయనయే డాక్టరు సూరి భగవంతము.

భగవంతము 1909లో ఆగిరిపల్లి గ్రామమున జన్మించెను. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, పిమ్మట మద్రాసు విశ్వవిద్యాలయమున ఎం.యస్‌సి. పట్టము పొందెను. 1928లో సర్ సి.వి. రామన్ కలకత్తాలో తన ప్రఖ్యాతమైన ఫలితమును కనుగొనెను. పదార్థముపై పడి చెదరిన కాంతిలో స్వల్ప భాగము రంగు మార్చుకొనును. ఆ మార్పును బట్టి లోపలి అణువుల కంపనమును తెలిసికొనవచ్చును. ఆ సంవత్సరముననే, ఇరువదేండ్లైన నిండని భగవంతము రామన్‌కు శిష్యుడయ్యెను.

వజ్రమున ప్రతి కర్బన పరమాణువును మరి నాల్గింటితో గట్టిగా బంధింపబడి యుండును. అవి కంపించుటచే, చెదరిన కాంతి వర్ణపటమున నొక స్పష్టమైన రేఖ యేర్పడును. ఆ రేఖను ఇతరులును చూచిరి. భగవంతము 1930లో దానిని శ్రద్ధతో పరిశోధించి, వజ్రము యొక్క స్ఫటిక నిర్మాణముతో దానికి గల సంబంధమును చర్చించెను. నేటికిని వజ్రమును గుర్తించుటకు ఆ రేఖయే ఆనవాలు. 1931లో రామన్‌తో కలసి, కాంతికణమునకు స్వీయభ్రమణము కలదనుటకు ప్రయోగ నిదర్శనమును ప్రకటించెను.

1932లో ఆయన వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చేరెను. అంత కఠినమైన వజ్రమును వంచి, సాగదీసి చూచుట యెవరి తరము? భగవంతమును, భీమసేనాచారియు చెవికి వినరాని ధ్వని తరంగములను దానిలోనికి పంపి, దాని స్థితిస్థాపకతను కొలిచి 1944లో ప్రకటించిరి.

తరువాత ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చి, 1952 నుండి 1957 వరకు ఉపాధ్యక్షుడుగా నుండెను. నాడు నిజామాబాదు, బోధను, చందూరు ప్రాంతముల విద్యార్థులకు తమ సీమలోని విశ్వవిద్యాలయ మదియే. అటుపిమ్మట బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడుగను, రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగను పనిచేసి, 1989లో పరమపదించెను.

వజ్రముతో కాంతి జరుపు సంభాషణ ఆయనతో ముగియలేదు. ఒక్కొక్కచోట వజ్రములో కర్బన పరమాణువునకు బదులు నత్రజని పరమాణువు చేరి, దాని ప్రక్క స్థానము ఖాళీగా నుండును. ఇది స్ఫటికమున నొక దోషము. దానిపై ఆకుపచ్చని కాంతిని ప్రసరింపజేసిన నది ఎఱ్ఱని కాంతి నిచ్చును. 1997లో శాస్త్రజ్ఞులు అట్టి దోషము నొక్కదానినే వేరుగా చూడగలిగిరి. అది కాంతికణములను ఒక్కొక్కటిగా విడుచును. అతి స్వల్పమైన అయస్కాంత క్షేత్రములను కొలుచుటకును, రహస్య వార్తలను సురక్షితముగా పంపు పద్ధతులకును నేడు దీనిని పరిశోధించుచున్నారు. భగవంతము ఈ దోషమును పరిశోధింపలేదు. కాని ఆ కాంతిని అర్థము చేసికొనుటకు ఆయన పరిశీలించిన పరమాణు కంపనముల జ్ఞానము ఆవశ్యకము.

వర్తకుని కంటికి దోషము వెలను తగ్గించును. తెలియగోరు వాని కదియే వెలుగు చూపును. వెల నడుగక, తత్త్వము నడిగిన మహనీయుని జీవితము మన కీ పాఠమునే నేర్పుచున్నది.