పీవీ: కాకతీయ పత్రిక నుంచి బీజింగ్ టీవీ ఒప్పందం దాకా..

పీవీ నరసింహారావు అంటే అందరికీ ఆర్థిక సంస్కరణలే గుర్తొస్తాయి. కానీ మంత్రి, ప్రధాని కాకముందే ఆయన పత్రిక నడిపిన మనిషి.

1921 జూన్ 28న లక్నేపల్లిలో పుట్టిన పీవీ, దత్తత వెళ్లి ఉమ్మడి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. నిజాం పాలనపై పోరాటంలో ఆదిలాబాద్ సరిహద్దు అవతలి చాందా క్యాంపులో పనిచేశారు. 1940ల్లో వరంగల్‌లో పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. ఇద్దరూ జయ-విజయ పేరుతో రాసేవారు.

1957లో మంథని ఎమ్మెల్యే అయ్యారు. 1962లో న్యాయ, సమాచార శాఖల మంత్రి.

1991లో ప్రధాని పదవి చేపట్టారు. అదే ఏడాది, అప్పటికి బ్రిటిష్ ఏలుబడిలోనే ఉన్న హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ మొదలైంది. దాంతోపాటే బీబీసీ వార్తలు మన ఇళ్లలోకి వచ్చేశాయి. దూరదర్శన్ ఒక్కటే దిక్కన్న రోజులు పోయాయి. పీవీ సర్కారు ఆ తలుపు మూయలేదు. 1995లో కేబుల్ టీవీకి చట్టం తెచ్చింది.

1993 సెప్టెంబర్‌లో పీవీ చైనా వెళ్లారు. 1962లో యుద్ధం చేసుకున్న రెండు దేశాల మధ్య సరిహద్దు శాంతి ఒప్పందం కుదిరింది. ఆ పర్యటనలోనే రేడియో, టీవీ రంగాల్లో సహకారానికీ సంతకాలు జరిగాయి. ఒకరి సంగతులు ఒకరు నేరుగా చూసి, వినడానికి వేసిన దారి అది.

2004 డిసెంబర్ 23న పీవీ కన్నుమూశారు. 2024లో భారతరత్న దక్కింది. చైనాతో గొడవ వచ్చినప్పుడల్లా ఆ సరిహద్దు ఒప్పందం చర్చకొస్తుంది. టీవీ ఒప్పందం ఊసే ఎవరూ ఎత్తరు.