అన్నదమ్ముల్ని బలిగొన్న జబ్బుకే మందు కనిపెట్టారు

మెట్రిక్‌ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. డాక్టరు చదివినా కోరుకున్న డిగ్రీ రాలేదు. అమెరికా వెళ్లాక ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. అయినా ఇవాళ మన ఇళ్లలో కనిపించే ఎన్నో మందుల వెనక ఆ భీమవరం బిడ్డ శ్రమ ఉంది. ఆయనే డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు.

గర్భిణికి డాక్టరు రాసే మొదటి మాత్రల్లో ఒకటి ఫోలిక్‌ యాసిడ్‌. కీళ్లవాతంతో వేళ్లు బిగుసుకుపోయేవారికి వారానికోసారి వేసుకోమని ఇచ్చేది మెథోట్రెక్సేట్‌. బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే బిళ్ల డీఈసీ. ఈ మూడూ వేర్వేరు జబ్బులకు వాడే మందులే అయినా, పుట్టింది మాత్రం సుబ్బారావు నడిపించిన ఒకే పరిశోధనాలయంలో.

కాశీకి బయల్దేరిన పిల్లాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంసారం పెద్దది, రాబడి తక్కువ. పిల్లాడికి చదువు మీద అంతగా ధ్యాస ఉండేది కాదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు సంపాదించొచ్చని, 13 ఏళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. తల్లి దారిలోనే పట్టి తెప్పించి మళ్లీ బడిలో వేశారు.

తండ్రి పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది. అయినా వెంకమ్మ కొడుకు చదువు ఆపలేదు. నగలు అమ్మి మద్రాసు పంపించారని చెబుతారు. రాజమండ్రిలో తప్పిన మెట్రిక్‌ పరీక్ష, చివరికి మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నంలో పాసయ్యారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్‌ చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్‌ వైపు మనసు లాగింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ససేమిరా అన్నారు. వైద్యం నేర్చుకుంటే జనానికి సేవ చేయొచ్చని మిషన్‌ పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాస్‌ మెడికల్‌ కాలేజీలో చేరారు. అక్కడ స్నేహితులు ఆదుకున్నారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా డబ్బు సాయం చేశారు. తర్వాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

అప్పుడు దేశమంతా గాంధీజీ మాట నడుస్తోంది. సుబ్బారావు ఆపరేషన్‌ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులే వేసుకుని వెళ్లారు. సర్జరీ చెప్పే ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షల్లో బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్‌ కాదు, అంతకన్నా తక్కువగా చూసే ఎల్‌ఎంఎస్‌. ఆ చదువుతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో చేరాలని చూస్తే అదీ కుదరలేదు. చివరికి డాక్టర్‌ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది.

ఇంట్లో రెండు చావులు

మద్రాసులో ఉన్న ఆ సంవత్సరాల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ తీసుకెళ్లింది ఒకే జబ్బు, ఉష్ణమండల స్ప్రూ. ఈ జబ్బులో పేగుల లోపలి పొర పాడవుతుంది. తిన్నది వంటబట్టదు. ఆగకుండా విరేచనాలు అవుతాయి, నాలుక పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది. మనిషి కళ్లముందే ఎండిపోతాడు. ఎందుకొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలియదు, దానికి మందూ లేదు.

తర్వాత అదే జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. లక్ష్మీపతి వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. ఆ కృతజ్ఞతతో ఆయుర్వేద మందులు ఎలా పనిచేస్తాయో తేల్చాలని కొంతకాలం ప్రయత్నించారు. అలాంటి పరిశోధనకు కావాల్సిన పరికరాలు గానీ నేర్పేవాళ్లు గానీ ఇక్కడ లేరని త్వరలోనే అర్థమైంది. దాంతో ఆయన చూపు అమెరికా వైపు మళ్లింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ సాయం చేస్తానంది. మిగతాది మామగారు సర్దారు. భార్యను పుట్టింట ఉంచి, చదువు కాగానే వచ్చేస్తానని 1920ల తొలినాళ్లలో ఓడెక్కారు.

పగలు చదువు, రాత్రి పాకీపని

బోస్టన్‌లో హార్వర్డ్‌ విశ్వవిద్యాలయానికి చెందిన ఉష్ణమండల వైద్య విభాగంలో డిప్లొమాలో చేరారు. చేతిలో ఉన్న ఎల్‌ఎంఎస్‌కు అక్కడ విలువ లేదు, డాక్టరుగా పనిచేసే వీల్లేదు. తెచ్చుకున్న డబ్బు కరిగిపోయింది. పీటర్‌ బెంట్‌ బ్రిగమ్‌ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా చేరి రోగుల మూత్రపాత్రలు కడిగారు. వైద్యం చదివిన మనిషికి అది చిన్న పరీక్ష కాదు. తెల్లారితే మళ్లీ క్లాసుకు వెళ్లేవారు.

ఆ రోజుల్లో అమెరికా చట్టాలూ భారతీయులకు ఎదురుగానే ఉన్నాయి. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. చదువు కోసం వచ్చినవాళ్లు ఎన్నాళ్లున్నా పరాయివాళ్లుగానే ఉండాలి.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్‌ జీవరసాయన విభాగంలో సైరస్‌ ఫిస్కే దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ ఎంతుందో కొలిచే తేలికైన పద్ధతి కనుక్కోవడం ఆయనకు అప్పగించిన పని. నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది, ఫాస్ఫరస్‌ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కబడుతుంది. 1925లో వెలువడిన ఈ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతటా ల్యాబుల్లో దశాబ్దాలు నడిచింది. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఆ పేరు ఇప్పటికీ చదువుతారు.

ఆ కొలత చేతిలోకి వచ్చాక కండరాల్లో దాగిన రహస్యాలు బయటపడ్డాయి. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్‌ యాసిడే మూలమని అప్పటిదాకా నమ్మేవారు. ఆ దారిలో పనిచేసిన ఆర్చిబాల్డ్‌ హిల్‌, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్‌ కూడా వచ్చింది. ఫిస్కే, సుబ్బారావు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టడంతో ఆ నమ్మకం కదిలింది. 1929లో కణాలన్నింటికీ శక్తి అందించే ఏటీపీని కూడా వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్‌ లోమన్‌ విడిగా దాన్నే కనిపెట్టారు. 1930లో సుబ్బారావుకు హార్వర్డ్‌ పీహెచ్‌డీ వచ్చింది. మెట్రిక్‌ తప్పిన కుర్రాడికి అప్పటికి 35 ఏళ్లు.

డిగ్రీ వచ్చినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. పేరంతా ఎక్కువగా ఫిస్కేకే వెళ్లింది. దాని కోసం సుబ్బారావు ఎవరితోనూ పేచీ పెట్టుకోలేదు. మరో పదేళ్లు అక్కడే పనిచేశారు.

కాలేయంలో దొరికిన జవాబు

రక్తహీనతలో ఒక రకం అప్పట్లో ప్రాణాంతకం. పచ్చి కాలేయం తినిపిస్తే ఆ రోగులు కోలుకుంటున్నారని బోస్టన్‌ వైద్యులే 1926లో చూపించారు. మరి కాలేయంలో ఉన్న ఆ గుణం ఏమిటి? సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే ఈ వెతుకులాట మొదలుపెట్టారు. 1940లో న్యూయార్క్‌ రాష్ట్రం పెర్ల్‌ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరి, కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అప్పుడు ఆ పనికి పెద్ద బృందం తోడైంది.

గర్భిణుల్లో వచ్చే ఒక రక్తహీనతను ఈస్ట్‌ సారం తగ్గిస్తోందని అంతకు ముందే బొంబాయిలో లూసీ విల్స్‌ గమనించారు. అందులో ఉన్నదీ, కాలేయంలో దొరికిందీ ఒకటే విటమిన్‌, ఫోలిక్‌ యాసిడ్‌. లెడర్లీ బృందం 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ప్రాణాంతక రక్తహీనతకు అసలు జవాబు బీ12 అని 1948లో తేలినా, ఫోలిక్‌ యాసిడ్‌ మరో పెద్ద పని చేసి చూపించింది. క్యూబాలో స్ప్రూ రోగులకు డాక్టర్‌ టామ్‌ స్పీస్‌ దాన్ని ఇచ్చి చూస్తే ఎండిపోయిన మనుషులు తేరుకున్నారు. అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న పాతికేళ్ల తర్వాత ఆ జబ్బుకు మందు సుబ్బారావు చేతుల మీదుగానే వచ్చింది.

అదే ప్రయోగశాలలో బెంజమిన్‌ డగ్గర్‌ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ తీశారు. 1948లో లోకానికి పరిచయమైన ఆ మందే టెట్రాసైక్లిన్లలో మొదటిది. ఉష్ణమండల స్ప్రూకు ఇవాళ్టికీ ఇచ్చే చికిత్స ఫోలిక్‌ యాసిడ్‌, టెట్రాసైక్లిన్‌. రెండింటి మూలమూ సుబ్బారావు సారథ్యం వహించిన చోటే ఉంది.

కణం పెరగడానికి ఫోలిక్‌ యాసిడ్‌ కావాలి. మరి దాన్ని అడ్డుకుంటే క్యాన్సర్‌ కణాల పెరుగుదల ఆగదా? ఈ ఆలోచనతో బోస్టన్‌ డాక్టర్‌ సిడ్నీ ఫార్బర్‌ అడిగితే, లెడర్లీ బృందం అమినోప్టెరిన్‌ తయారుచేసి పంపింది. రక్తక్యాన్సర్‌ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్‌ ప్రకటించారు. అప్పటిదాకా ఆ పిల్లల తల్లిదండ్రులకు ఏ ఆశా లేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్‌. బోదకాలుకు వాడే డీఈసీ కూడా 1947లో అక్కడి నుంచే వచ్చింది. బోదకాలు కొత్తకాని గోదావరి జిల్లాలకు, ఆ గడ్డ బిడ్డ నుంచి అందిన మందు అది.

తిరిగిరాని ప్రయాణం

చదువు కాగానే వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఒక పని పూర్తయ్యేలోపే మరొకటి ముందుకొచ్చేది. ఇక్కడ శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన గొప్పదనం చెప్పుకునేటప్పుడు ఆమె చెల్లించిన మూల్యాన్నీ తలచుకోవాలి.

1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. సుబ్బారావు మాత్రం తీసుకోలేదు, భారతీయుడిగానే మిగిలారు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లే. తర్వాత కొత్తగా దొరికిన ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్‌ అని పేరుపెట్టారు. శతజయంతి ఏడాది 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఈ మందుల విషయంలో గుర్తుంచుకోండి

* ఫోలిక్‌ యాసిడ్‌: పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే మొదలుపెట్టి, గర్భం వచ్చాక కనీసం 12 వారాల దాకా రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము రూపం మొదటి నెలలోనే ఏర్పడుతుంది. నెల తప్పాక మొదలుపెడితే ఆలస్యం కావచ్చు.

* రక్తహీనతకు సొంతంగా ఫోలిక్‌ యాసిడ్‌ ఒక్కటే వాడొద్దు. లోపం బీ12ది అయితే రక్తం మెరుగైనట్టు కనిపించినా నరాలు లోలోపల దెబ్బతింటాయి. శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

* మెథోట్రెక్సేట్‌: కీళ్లవాతానికి వారానికోసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఏ వారం వేసుకోవాలో క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. గర్భిణులు వాడకూడదు.

* డీఈసీ: రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బులున్నవారు వేసుకోకూడదు. మిగతావారు ఏమైనా తిన్నాకే మింగాలి.