యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ తెలుగు వైద్య శాస్త్రవేత్త. కాన్సరు చికిత్సలో నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఈయన నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలితమే.

జీవితం

ఈయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతులకు హాజరయ్యాడు. ఆచార్యుని ఆగ్రహం వలన ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1923లో అమెరికా వెళ్ళిన ఈయన మరల స్వదేశానికి రాలేదు. ఏకైక కుమారుడు పసితనంలోనే మరణించాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు.

కాన్సరు ఔషధాలు

1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. కణ విభజనకు ఈ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి దాని పనిని అడ్డగించే పదార్థాలను కూడా ఈ బృందమే తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో వెలువడ్డాయి. ఆగష్టులో సుబ్బారావు న్యూయార్కులో 53 ఏళ్ళ వయసులో మరణించాడు. తరువాత అమినోప్టెరిన్ స్థానాన్ని మెథోట్రెక్సేట్ ఆక్రమించింది.

సంతాన సామర్థ్యంపై ప్రభావం

వేగంగా విభజన చెందే కణాలనే ఇటువంటి మందులు దెబ్బ తీస్తాయి. వృషణాలలో వీర్యకణాలను పుట్టించే కణాలు కూడా అటువంటివే. మెథోట్రెక్సేట్ వలన కలిగే లోపం సాధారణంగా తాత్కాలికం. తరువాత వచ్చిన సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందులు, వృషణాలపై పడే రేడియేషన్ శాశ్వత వంధ్యత్వాన్ని కలిగించవచ్చు. రోగి బ్రతకడమే అరుదైన రోజులలో ఈ ప్రశ్నకు తావే లేదు.

సుబ్బారావు మరణించిన మరుసటి ఏడాది, 1949లో, గ్లిసరాల్ కలిపితే వీర్యకణాలు గడ్డకట్టినా సజీవంగా ఉంటాయని ఇంగ్లాండులో కనుగొన్నారు. 1953లో అమెరికాలో మానవ వీర్యంతోనూ ఇది ఫలించింది. నేడు ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద వీర్యాన్ని ఏళ్ళ తరబడి నిలువ చేస్తారు. హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతాలలో సైతం సంతాన సాఫల్య కేంద్రాలు వెలిశాయి. అయితే నమూనాను కాన్సరు చికిత్స మొదలు కాకముందే ఇవ్వాలి. ప్రాణభయంతో ఉన్న కుటుంబానికి ఆ మాట వైద్యుడే గుర్తు చేయవలసి ఉంటుంది.

యుక్తవయసు రాని బాలురలో వీర్యకణాలే ఉండవు కనుక ఈ పద్ధతి వారికి పనికిరాదు. ఫార్బర్ చికిత్స చేసినది అటువంటి పసివారికే. వారి కోసం వృషణ కణజాలాన్ని భద్రపరచే పద్ధతి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది.