సికింద్రాబాదు నుంచి కలకత్తా దాకా: సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఖరగ్‌పూర్ చేరిన మన పెద్దలకు చలిజ్వరం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పటాలాల్లోనూ అంతే. ఆ కాలంలో శత్రువు తూటా కంటే జ్వరానికే ఎక్కువమంది సిపాయిలు మంచం పట్టేవారు. ఆ జ్వరాన్ని మోసుకొచ్చేది దోమ అని నిరూపించినాయన ఒక సైనిక వైద్యుడు. ఆ పని మొదటి సగం మన తెలుగు గడ్డ మీద, రెండో సగం ఇక్కడికి మూడు గంటల రైలు ప్రయాణం కూడా లేని కలకత్తాలో జరిగింది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి సైనికాధికారి, తరువాత జనరల్ అయ్యారు. కుర్రవాడికి బొమ్మలన్నా, కవిత్వమన్నా ప్రాణం. తండ్రి మాత్రం లండన్‌లో వైద్య విద్యలో చేర్పించారు. చదువు అంతంత మాత్రంగానే సాగింది. ఒక పరీక్ష తప్పి కొన్నాళ్లు ఓడ మీద డాక్టరుగా పనిచేశారు కూడా. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వచ్చారు.

తరువాత అంతా మనకు తెలిసిన ఫౌజీ జీవితమే. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ – ఎక్కడ పోస్టింగ్ వస్తే అక్కడికి. బెంగుళూరులో తన గది కిటికీ దగ్గరున్న నీళ్ల తొట్టి ఒంపేయిస్తే దోమలు తగ్గడం గమనించారు. అప్పటికి దానికీ మలేరియాకూ సంబంధం ఉందని ఆయనకు తట్టలేదు.

మలేరియా క్రిమిని 1880లోనే అల్జీరియాలో లావరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు కనుగొన్నారు. రాస్ మొదట్లో అది నమ్మలేదు. 1894లో సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ మైక్రోస్కోప్‌లో చూపించి నమ్మించారు. దోమల మీద వెతకమని సలహా ఇచ్చిందీ ఆయనే. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాదులో పటాలం డాక్టరుగా చేరి పని మొదలుపెట్టారు. రెండేళ్లపాటు వందల దోమలను కోసి చూసినా ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన చూస్తున్నది వేరే జాతి దోమల్ని. మధ్యలో కలరా డ్యూటీ మీద బెంగుళూరు పంపారు. 1897లో ఊటీ దగ్గర పరిశోధనకు వెళ్లి స్వయంగా మలేరియా తెచ్చుకున్నారు.

ఆ ఏడాది ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న గోధుమ రంగు దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగి వాటి చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. ఉక్కపోత ఎంత ఉన్నా పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని వేయించలేదు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. మలేరియా క్రిమి దోమలో పెరుగుతోందన్నమాట!

నెల రోజులు తిరక్కుండానే బదిలీ ఆర్డరు వచ్చింది, మలేరియా అంతగా లేని రాజపుటానాలోని ఖేర్వారాకు. యూనిఫాం వేసిన వారికి ఆ బాధ వేరే చెప్పాలా? మాన్సన్ పైవారితో మాట్లాడగా 1898 ఫిబ్రవరిలో కలకత్తాలోని ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రికి డెప్యుటేషన్ దొరికింది. అక్కడ మరో చిక్కు. ప్లేగు టీకాల భయంతో జనం డాక్టరు దగ్గరికే రావడం మానేశారు. సరే, మనుషులు దొరక్కపోతే పక్షులు అనుకున్నారు. పిచ్చుకల మలేరియా మీద పనిచేసి, జూలైలో క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరడం చూశారు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పక్షులకూ జబ్బు వచ్చింది. లెక్క తేలిపోయింది. మహమ్మద్ బక్ష్, కిశోరీ మోహన్ బందోపాధ్యాయ ఈ పనిలో ఆయనకు కుడిభుజాలు.

1899లో సర్వీసు వదిలి లివర్‌పూల్‌లో అధ్యాపకుడయ్యారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషి జీవితంలో మలేరియా దోమ పాత్రను వివరించిన ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఘనత ఎవరిదన్న తగాదా ఏళ్ల తరబడి నడిచింది. దారి చూపిన మాన్సన్‌తోనూ చివరికి చెడింది. కోపిష్టి మనిషే, కాదనలేం. అయినా దోమలు పుట్టే నీళ్లను లేకుండా చేయాలని దేశదేశాలు తిరిగి చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మళ్లీ సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేశారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు.

ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉంది. కలకత్తా ఆసుపత్రి గోడలో 1927లో ఆయన చేతుల మీదుగానే ప్రారంభమైన స్మారక ద్వారం ఉంది. హుసేన్ ఖాన్‌కు, మహమ్మద్ బక్ష్‌కు మాత్రం అంత పేరు దక్కలేదు. ఏ విజయంలోనైనా వెనక నిలబడ్డ జవాను ఒకడుంటాడని మనకు తెలుసు కదా. ఈసారి అటువైపు వెళ్లినప్పుడు ఆ ద్వారం దగ్గర ఒక్క నిమిషం ఆగి వాళ్లనూ తలచుకుందాం. తిరిగొచ్చాక క్వార్టర్స్ వెనక నిలిచిన నీళ్లు ఒంపేద్దాం.